ఖాళీ మలుపు

అక్టోబర్ 4

'భయాల బాట' ఈ రోజు మొదలైంది. బాట నడిపించే ప్రతి గైడూ పని ముగిశాక ఒక పేజీ రాయాలని మా మేనేజర్ ఫరీదా మేడం నియమం. ఎవరు ఎక్కడ భయపడ్డారు, ఎవరు నవ్వారు, ఏ బొమ్మ చెయ్యి ఊడింది, అన్నీ రాయాలి. మొదటి పేజీ కాబట్టి నా సంగతి కూడా రాస్తున్నాను. పేరు నాగావళి. పార్వతీపురం దగ్గర పుట్టాను. చంద్రుడి మీదకు వచ్చి ఆరేళ్లయింది.

పదకొండు నెలలు నెలవంక వినోదవనంలో ఉయ్యాలల దగ్గర నా పని. అక్టోబర్‌లో మాత్రం ముఖానికి బూడిదరంగు పూసుకుని, చిరిగిన నల్ల అంగీ తొడుక్కుని జనాన్ని గుహలోకి తీసుకెళ్తాను. ఆ గుహ ఎవరూ తవ్వింది కాదు. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట లావా పారి, పైన గడ్డకట్టి, లోపల ఖాళీ అయిపోయిన సొరంగం. మనవాళ్లు వచ్చి గోడలకు రబ్బరులాంటి పూత కొట్టి, గాలి నింపి, తలుపులు బిగించారు. ఆరేళ్లుగా నడుస్తున్నా, లోపల అడుగు పెట్టిన ప్రతిసారీ తల పైకెత్తి ఒక్క క్షణం నిలబడతాను. ఈ రోజూ నిలబడ్డాను.

పొద్దున లేవగానే నలభై హెల్మెట్లు తుడిచాను. నలభై సీసం బెల్టులు సరిచూశాను. తర్వాత మొదటి గుంపుకి చెప్పవలసినవి చెప్పాను.

"లోపల ఆరు మజిలీలుంటాయి. నలభై నిమిషాలు పడుతుంది. దెయ్యాలు మిమ్మల్ని ముట్టుకోవు, మీరు వాటిని ముట్టుకోవద్దు. భయం వద్దనుకున్నవాళ్లు మెడలో ఈ పచ్చ పట్టీ వేసుకోండి, మీ జోలికి ఎవరూ రారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఉలిక్కిపడితే ఎగరకండి. ఇక్కడ మన బరువు ఆరో వంతే కదా. పోయినేడు ఒకాయన కొరివి దెయ్యాన్ని చూసి ఎగిరి తల పైకప్పుకి కొట్టుకున్నాడు. అందుకే హెల్మెట్టు, అందుకే సీసం బెల్టు. బెల్టు విప్పొద్దు."

ఆ బెల్టు ఇంకో పని కూడా చేస్తుంది. మనిషి గుండె ఎక్కడ ఎంత వేగంగా కొట్టుకుందో రాసుకుంటుంది. సాయంత్రం ఆ గీతలు చూసి, భయం చాలని మజిలీలను మేం సరిదిద్దుకుంటాం.

అక్టోబర్ 9

గనుల్లో రాళ్లు పగలగొట్టే మనుషులు, పన్నెండు గంటలు అంతరిక్ష సూట్లో గడిపే మనుషులు, జడల దెయ్యం బావిలోంచి లేవగానే పక్కవాళ్ల మోచేతులు పట్టుకుంటున్నారు. చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. బయట అసలైన శూన్యం ఉంది. గోడకి అవతలే ఉంది. దానికి లేని భయం జుట్టు విరబోసుకున్న బొమ్మకి.

ఈ రోజు గుండె గీతలు చూస్తుంటే ఒక విచిత్రం కనిపించింది. మజిలీల దగ్గర గీత లేవాలి, మధ్యలో పడాలి. నాలుగో మజిలీ ఆగిపోయిన రైలుపెట్టె. ఐదోది అద్దాల గది. రెంటికీ మధ్య వంద అడుగుల మలుపు ఒకటుంది. అక్కడ ఏమీ లేదు. బొమ్మ లేదు, చప్పుడు లేదు, మనిషి లేడు. జనం కాస్త ఊపిరి తీసుకోవాలని కావాలనే ఖాళీగా వదిలాం. గీతలు అన్నిటికన్నా ఎత్తుగా లేచింది అక్కడే. పచ్చ పట్టీ వేసుకున్నవాళ్లకీ అంతే.

బెల్టులు పాడయ్యాయేమోనని పది మార్చి చూశాను. మార్చినవీ అదే చెప్పాయి.

అక్టోబర్ 13

జనం ఆ చోటుకి పేరు కూడా పెట్టేశారు. ఖాళీ మలుపు. బయటికి వచ్చినవాళ్లు క్యూలో ఉన్నవాళ్లకి చెప్తున్నారు: "రైలుపెట్టె తర్వాత ఏమీ ఉండదు, దానికే చస్తారు." పనికట్టుకుని రెండోసారి వస్తున్నారు.

ఫరీదా మేడంకి చెప్పాను. ఆవిడ గోల్కొండ వైపు మనిషి. ఈ వనాన్ని మొదటి ఉయ్యాల నుంచి దగ్గరుండి కట్టించింది. గుహలోకి మాత్రం ఎప్పుడూ రాదు, ఇరుకంటే పడదంటుంది.

"ఏం పెట్టినవ్ అక్కడ?" అంది.

"ఏమీ పెట్టలేదు మేడం. అదే నా బాధ."

"బాధెందుకు? మంచిగున్నది కదా. ఏం లేని కాడ భయపడుతున్నరంటే మన పని గొప్పగ అయినట్టే. ముప్పై ఒకటో తారీఖు దాంక దాన్ని ముట్టకు."

నిజం చెప్పాలంటే నాకూ గర్వంగానే అనిపించింది. కాని ఈ రోజు ఆఖరి గుంపుని పంపించి, లైట్లు ఆర్పడానికి ఒక్కదాన్నే ఆ మలుపు దాటాను. మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆరేళ్లుగా దాటుతున్న మలుపు. పరుగెత్తకుండా నడవడానికి చాలా కష్టపడ్డాను.

అక్టోబర్ 17

గాలి యంత్రాల గదికి వడపోత గుడ్డలు మార్చడానికి వెళ్లాను. అక్కడుండేది దాలినాయుడు బాబాయ్. మా ప్రాంతంవాడే, బొబ్బిలి మనిషి. ఇరవై ఏళ్లుగా ఈ యంత్రాల మధ్యే ఉన్నాడు, వాటితో మాట్లాడతాడు కూడా.

"మీ గుహ ఏటమ్మా ఇంత గాలి తాగేస్తన్నాది?" అన్నాడు. "పోయినేడు ఇదే నెల్లో ఇంత లేదు. రోజురోజుకీ ఎక్కువైపోతంది."

"జనం ఎక్కువ వస్తున్నారు కదా బాబాయ్. అరుస్తారు, రొప్పుతారు."

"జనం గాలి పీల్చినా మల్లీ వదిలేస్తారు కదేటి? ఎక్కడికీ ఎల్పోదు. ఇది ఎల్పోతన్నాది."

"మరి గాలి ఒత్తిడి చూపే ముల్లు?"

"ముల్లు బాగానే ఉన్నాది. తగ్గినంతా నా యంత్రం నింపేస్తంటే ముల్లు ఎలా పడతాది?"



అక్టోబర్ 21

ఈ రోజు పన్నెండు గంటల గుంపులో పుష్పలీల అనే ఆవిడ వచ్చింది. ఇక్కడి బడిలో లెక్కలు చెప్తుంది. పుట్టుకతోనే చెవుడు. వెంట వాళ్లక్క ఉంది, నేను చెప్పినవన్నీ చేతి సైగలతో ఆమెకు చెప్పింది. పచ్చ పట్టీ ఇవ్వబోతే పుష్పలీల నవ్వి వద్దంది.

ఆసుపత్రి వార్డు మజిలీలో కేకకి అందరూ ముడుచుకుపోతే ఆమె గోడ మీది రంగులు చూస్తూ నిలబడింది. రైలుపెట్టె తలుపు ధడాలున పడ్డా కదల్లేదు. మా బాటలో సగం భయం చప్పుళ్లదే. ఆమెకు ఇది ఒక బొమ్మల కొలువు అంతే.

ఖాళీ మలుపులో మాత్రం ఆగిపోయింది. ఒక చెయ్యి వాళ్లక్క భుజం మీద, ఇంకో చెయ్యి తన రొమ్ము మీద. ముఖంలో నెత్తురు లేదు. వేళ్లు వేగంగా కదిలాయి.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

వాళ్లక్క గొంతు తగ్గించింది. "ఇక్కడ ఏదో మోగుతోందట. పాదాల్లోంచి వచ్చి ఎముకల్లో ఆగుతోందట. మాకెవ్వరికీ వినపడట్లేదా అని అడుగుతోంది."

బయటికి వచ్చాక పుష్పలీల జనాన్ని లెక్క రాసుకునే నా పలక తీసుకుని రాసింది: "అక్కడ మీరు ఏం పెట్టారు?"

ఏమీ పెట్టలేదని చెప్పాను. ఆమె నా పెదవుల వైపే చూసి, మళ్లీ రాసింది: "అయితే వెంటనే ఎవరికైనా చూపించండి."

అక్టోబర్ 22

తలుపులు తెరవకముందే బాబాయ్‌ని మలుపులోకి తీసుకెళ్లాను. చేతిలో టీ గ్లాసుతోనే వచ్చాడు. కొలిచే పరికరాలేవీ తేలేదేమని అడిగితే, గ్లాసుని గోడ పక్కన నేల మీద పెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

టీ మీద సన్నటి వలయాలు. ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా.

"చూశావా," అన్నాడు. "చెవికి అందనంత కిందిస్థాయి మోత. మనిసి ఒళ్లు పట్టేస్తాది గాని చెవి పట్టదు. ఇట్లాంటి మోత తగిల్తే కారణం లేకుండా గుండె దడదడలాడతాది."

"ఎక్కణ్ణించి వస్తోంది?"

గోడ మీది పూతకి చెవి ఆనించాడు, తర్వాత అరచెయ్యి. "పూత వెనక రాయి పగిలింది. సందులోంచి గాలి బయటికి లాగేస్తంటే పూత డప్పులాగ కొట్టుకుంటన్నాది. మీ జనాన్ని భయపెడతన్నది దెయ్యం కాదమ్మా, గోడే."

మూడు వారాలుగా వేల మందిని ఆ గోడ పక్కనుంచి నడిపించాను. వాళ్లలో ప్రతి ఒక్కరి ఒళ్లూ ప్రమాదం ఉందని చెప్పింది. ప్రతి బెల్టూ ఆ మాట రాసుకుంది. మేం దాన్ని చూసి సంబరపడ్డాం.

అక్టోబర్ 23

ఫరీదా మేడం మా మాట వింది. అంతా విని మమ్మల్ని వెంటబెట్టుకుని మేమందరం ఉండే నివాసానికి ఇంజినీరైనాయన దగ్గరికి వచ్చింది. ఆయన ముల్లు రీడింగులు తెప్పించాడు. అన్నీ హద్దుల్లోనే ఉన్నాయన్నాడు. పూత ఊడదీసి చూడాలంటే మనుషులు కావాలి, వచ్చే నెల మొదట్లోగాని దొరకరన్నాడు. టీ గ్లాసు సంగతి చెప్తే మర్యాదగా నవ్వాడు.

ముగ్గురం బయటికి వచ్చాం.

"మూసేద్దాం మేడం," అన్నాను.

"ఇంజినీరు బాగున్నదంటుండు. టీ గ్లాసు చూసి మూసేసినమంటే రేపు ఈ గుహను నాకెవరిస్తరు?" మళ్లీ తనే అంది. "గుంపుకి ఇరవై రెండుకి మించొద్దు. మలుపుల ఎవ్వరినీ నిలబెట్టకు. గబగబ దాటించు."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఉండకూడదు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

అక్టోబర్ 29

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మూడు గంటల గుంపు. ఇరవై రెండు మంది. రైలుపెట్టె దాటి మలుపులోకి వచ్చాం. సగం దాటామో లేదో, ఒక్కసారిగా అంతా తేలికైంది. భుజాల మీదినుంచి ఎవరో మూట దించినట్టయింది. జనం ఊపిరి వదిలారు. ఒకమ్మాయి నవ్వింది. "ఇదేనా ఖాళీ మలుపు? ఏముందిక్కడ?" అన్నాడు ఎవరో.

మోత ఆగిపోయింది. డప్పు ఎప్పుడు ఆగుతుంది? తోలు చిరిగినప్పుడు.

మరుక్షణం నా చెవులు టప్పుమన్నాయి.

"అందరూ వెనక్కి నడవండి," అన్నాను. "రైలుపెట్టెలోకి. త్వరగా. ఇది ఆట కాదు."

వాళ్లు చప్పట్లు కొట్టారు.

నా ముఖాన బూడిద, ఒంటి మీద చిరిగిన అంగీ. ఇంతసేపూ అదే గొంతుతో వాళ్లని భయపెట్టాను. అంగీ తీసి పారేశాను, చేత్తో ముఖం తుడుచుకున్నాను. "గోడ చిరిగింది, గాలి పోతోంది," అన్నాను. "చాలా బాగా చేస్తున్నారు," అంది ఒకావిడ, మెచ్చుకోలుగా. నేను గొంతు పెంచేకొద్దీ వాళ్ల నవ్వు పెరిగింది. రైలుపెట్టెకీ మలుపుకీ మధ్య ఉక్కు తలుపు ఉంది. ఒత్తిడి ఒక హద్దు దాటి పడితే అది దానంతటదే మూసుకుంటుంది, ఎవరి కోసమూ ఆగదు. దాని మీద ఎర్ర దీపం వెలగడం చూశాను.

నాకు దగ్గరగా ఉన్న పెద్దాయన చెయ్యి పట్టుకున్నాను. దెయ్యాలు ముట్టుకోవని చెప్పింది నేనే. ఆయన ఉలిక్కిపడి నా చేతి వైపు చూశాడు, తర్వాత నా ముఖం వైపు.

"నీ చెయ్యి వణికిపోతోందేంటమ్మా," అన్నాడు.

"నాకు భయంగా ఉందండీ," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. పెద్దగా అరవలేదు. "ఈ పిల్ల నటించట్లేదు. నడవండి," అన్నాడు. ఆ గొంతు విని నవ్వులు ఆగాయి.

తలుపు కదలడం మొదలైంది. సీసం బెల్టులతో అంత దూరం సమయానికి చేరలేరు. "బెల్టులు విప్పేయండి. ఎగరండి," అన్నాను. గుహ నేలంతా బెల్టులు పడ్డాయి. మనుషులు లేళ్లలాగా లేచారు. ఒక్కో గంతుకి పది అడుగులు. హెల్మెట్లు పైకప్పుకి తగిలి ఠంగుమంటున్నాయి. ఒకతను భార్యని నడుము పట్టుకుని ఎత్తి, తలుపు సందులోంచి లోపలికి విసిరాడు. లోపలున్నవాళ్లు అందుకున్నారు. నేను లెక్కపెడుతున్నాను. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి. పెద్దాయన ఇరవై రెండు. ఆయన సందులోంచి చెయ్యి చాపి నన్ను లాగాడు. నా బట్ట అంచు తలుపులో చిక్కి చిరిగింది.

తలుపు మూసుకుంది. తర్వాత మొదట నవ్విన అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. నేనూ కూర్చుండిపోయి ఏడ్చాను.

అక్టోబర్ 31

బాట మూసేశారు. అందరూ క్షేమం. ముగ్గురికి చెవి నొప్పి, ఒకతనికి మోచెయ్యి బెణికింది. ఫరీదా మేడం నిన్న ఇరవై రెండు ఇళ్లకీ స్వయంగా వెళ్లింది. ఇంజినీరు మీద నెపం వెయ్యలేదు. ప్రతి గడపలోనూ తప్పు నాదే అని చెప్పిందట.

ఈ రోజు పగులు చూడటానికి బాబాయ్ వెళ్తుంటే నేనూ వస్తానన్నాను. ఇద్దరం అంతరిక్ష సూట్లు వేసుకుని మలుపులోకి వెళ్లాం. ఇప్పుడు అక్కడ గాలి లేదు. పూత నిలువునా చిరిగి, రెండు పక్కలకీ తెరలా వేలాడుతోంది. వెనక రాయి మనిషి పట్టేంత వెడల్పున విచ్చుకుంది. బాబాయ్ దీపం లోపలికి చాపి, తల పెట్టి చూశాడు. చాలాసేపు కదల్లేదు.

"బాబాయ్?"

"రా అమ్మా. నువ్వే చూడు. నాను సెప్పలేను."

సందులోంచి పక్కకి తిరిగి జారుకుంటూ వెళ్లాను. అవతల చిన్న అరుగులాంటి రాయి మీద నిలబడ్డాను. దీపం ఎత్తాను.

అవతలి గోడ కనపడలేదు. పైకప్పు కనపడలేదు. వెలుతురు వెళ్లి వెళ్లి ఎక్కడో పల్చబడి అంతమైంది. మా గుహ ఇన్నాళ్లూ ఎంతో పెద్దదనుకున్నాను. ఇది దొడ్డి అయితే మాది కోడిగూడు.

నా కాళ్ల దగ్గర నుంచి, దీపం పడినంత మేరా, తెల్లగా ఏదో పూసి ఉంది. ముందు రాయి రంగే అనుకున్నాను. వంగి చూశాను. మంచు. నెమలి ఈకలంత పొడుగు ఈకలు, వాటికి సన్నటి రెక్కలు, ఆ రెక్కలకి ఇంకా సన్నటి రెక్కలు. ఎక్కడా ఒకదాన్ని పోలినది ఒకటి లేదు. పగులు చుట్టూ చిక్కగా, దూరం వెళ్లేకొద్దీ పలచగా, ఒక తోట. గాలి లేదు కాబట్టి ఒక్కటీ కదలదు. ఎన్ని కోట్ల ఏళ్లుగానో చుక్క నీరెరుగని చోట.

"ఇక్కడ నీళ్లెక్కడివి బాబాయ్?"

రేడియోలో ఆయన గొంతు చాలా మెత్తగా వినిపించింది. "మీ జనం ఊపిరే కదమ్మా. ఊపిర్లో తడుంటాది. గాలితోపాటు ఆ సందులోంచి వచ్చి, ఈ చలికి రాయికి తగిలి గడ్డకట్టింది. గాలి చెదిరిపోయింది. తడి ఉండిపోయింది."

నాలుగు వారాలు. మా బాట నడిచిన ప్రతి మనిషీ భయపడి వదిలిన ఊపిరి, కేక, ఆ తర్వాతి నవ్వు. అది ఇక్కడికి వచ్చి ఇలా పూసింది. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. నా దీపం వేడికి అన్నిటికన్నా దగ్గరున్న ఈక కొస కరగలేదు, ఊరికే లేకుండా పోయింది. గబుక్కున దీపం పక్కకి తిప్పాను.

నవంబర్ 14

కొలిచేవాళ్లు వచ్చారు. గుహ పొడవు నాలుగు కిలోమీటర్లు దాటిందట. ఇంకా చివర దొరకలేదు. మన నివాసం లాంటివి ముప్ఫై పడతాయని ఇంజినీరే వచ్చి చెప్పాడు. బాబాయ్ చేతులు పట్టుకుని, ఆ రోజు నవ్వినందుకు క్షమించమన్నాడు. ఇరుకు గదుల్లో ముగ్గురేసి సర్దుకుంటున్న జనం ఇప్పుడు బజారులో అదే మాట్లాడుకుంటున్నారు. కిటికీ ఉండే ఇల్లు, పిల్లలు పరుగెత్తే వీధి.

పని మొదలైతే దీపాలు వస్తాయి, యంత్రాలు వస్తాయి, వేడి వస్తుంది. మంచు నిలవదు. ఇంకో వారం అంతే.

ఫరీదా మేడం నన్ను పిలిచింది. "నేను పోయి చూసొచ్చిన," అంది. పగులు ఎంత ఇరుకో నాకు తెలుసు. ఆవిడ నా వైపు చూడకుండా కాగితాలు సర్దింది. "ఎవరన్న ఒక్కరిని తీస్కపో. ఎవరిని తీస్కపోవాల్నో నీకే తెలుసు."

నవంబర్ 19

పుష్పలీలని తీసుకెళ్లాను. వాళ్లక్క పగులు బయటే ఆగింది, అరుగు మీద ఇద్దరికే చోటుంది.

ఈ ఐదు రోజులూ సాయంత్రాలు వాళ్లింటికి వెళ్లి కొన్ని సైగలు నేర్చుకున్నాను. నా చేతులు మొద్దు. పుష్పలీల ఓపికగా నా వేళ్లు పట్టుకుని సరిదిద్దేది. ఈ రోజు లావు చేతితొడుగులు ఉన్నాయి కాబట్టి వచ్చిన ఆ కాసిని సైగలు కూడా చిన్నపిల్లల రాతలా ఉంటాయని భయపడ్డాను.

దీపాన్ని బాగా తగ్గించి, గోడ వైపు తిప్పి పెట్టాను. కళ్లు అలవాటు పడటానికి కొంచెం సమయం పట్టింది. అప్పుడు ఆ తెలుపు మెల్లగా చీకట్లోంచి పైకి వచ్చింది. నా రేడియో కట్టేశాను. అక్కడ ఇక చప్పుడన్నది లేదు, ఆమెకూ లేదు, నాకూ లేదు.

పుష్పలీల చాలాసేపు నిలబడింది. హెల్మెట్టు అద్దంలోంచి ఆమె కళ్లు కనిపించాయి. తర్వాత వంగింది. చెయ్యి చాపింది గాని తాకలేదు. వేలు కొసని ఒక ఈక పక్కనే, వెంట్రుకవాసి దూరంలో ఆపింది.

నా వైపు తిరిగి చేతులు కదిపింది. ఆ సైగ నాకు తెలుసు. ఇది ఏమిటి?

ఎన్నో చెప్పాలనుకున్నాను. పగులు గురించి, ఆమె ఆ రోజు రాసిన మాట గురించి, ఇరవై రెండు మంది గురించి. వాటికి నా దగ్గర సైగలు లేవు. నా చేతిని రొమ్ము మీద పెట్టుకున్నాను. ఊపిరి వదిలినట్టు మెల్లగా ముందుకు చాపాను. మళ్లీ వెనక్కి తెచ్చుకున్నాను. మళ్లీ ముందుకు.

ఆమె అర్థం చేసుకుంది. తన చేతిని కూడా రొమ్ము మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఆ తెల్లటి తోట వైపు, చివర కనపడని చీకటి వైపు, మెల్లగా చాపింది.